జనవరి 26న సిటిజన్‌షిప్ వేడుక: తేదీ మార్చమని అడగడం సబబేనా?

టార్నీట్ తెలుగోడు (మెల్‌బోర్న్)

అందరికీ నమస్కారం. కౌన్సిల్ నుంచి మెయిల్ వచ్చింది, మా సిటిజన్‌షిప్ ప్రమాణం జనవరి 26న అని. ఇంట్లో సందడి మొదలైపోయింది. ఏ చీర కట్టుకోవాలో మా ఆవిడ తేల్చేసింది. అత్తయ్య, మామయ్య అప్పటికి ఇక్కడే ఉంటారు కాబట్టి ఫొటోగ్రాఫర్‌ని కూడా మాట్లాడమంటున్నారు.

నాకు మాత్రం మనసులో ఎక్కడో పీకుతోంది. మా టీంలో ఒక అబొరిజినల్ ఆవిడ ఉన్నారు, అంటే ఈ దేశపు మూలవాసి, విరాడ్జురి వాళ్ళు. జనవరి 26, ఆస్ట్రేలియా డే సెలవు ఆవిడ వాడుకోరు. లాగిన్ అయి పని చేసుకుంటారు. 1788లో ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ కోవ్‌లో బ్రిటిష్ జెండా ఎగరేసిన రోజు అది. 1938లో దేశమంతా 150 ఏళ్ళ సంబరం చేసుకుంటుంటే అబొరిజినల్ నాయకులు అదే రోజున సిడ్నీలో సంతాప దినం జరిపారు. ఇవన్నీ ఆవిడ నాకు చెప్పలేదు, నేనే చదువుకున్నాను. ఆవిడ 'కంగ్రాట్స్' అని మాత్రం మనస్ఫూర్తిగా అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచే ఈ టెన్షన్.

2022 చివర్లో రూల్ మార్చాక కౌన్సిళ్ళు ఈ వేడుకని 23 నుంచి 29 మధ్య ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. మావాళ్ళు 26కే ఉంచారు. వేరే విడతలో వేయమని అడగొచ్చు. అడగాలా? మనం తెల్లవాళ్ళం కాదు, ఈ నేల లాక్కున్నదీ మనం కాదు. మరి ఇందులో మన వాటా ఏమిటి? గొడవ పెట్టడానికి అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

పర్త్ పెద్దన్న (పర్త్)

తమ్ముడూ, హాయిగా చీర కట్టించి ఫొటో దిగు. పాయింట్లు లెక్కపెట్టుకుని, ఐఎల్‌టీఎస్ రాసి, వీసా ఫీజులు కట్టి వచ్చాం. ఎవరి దగ్గరా లాక్కోలేదు. ఆ బ్రిటిష్ వాళ్ళు మనల్నీ దోచారు. 2009లో మెల్‌బోర్న్‌లో మన స్టూడెంట్స్‌ని కొడుతుంటే మన తరఫున ఎవరు బాధపడ్డారు? ప్రివిలేజ్ అనేది తెల్లవాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాల్సిన సబ్జెక్టు. మనకెందుకు అంటించుకోవడం?

గోదారి గట్టు (మెల్‌బోర్న్)

పెద్దన్న గారూ, మీరన్నదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం ఎక్కడ ఆగిపోతుందో చెప్తాను.

1902లో ఈ దేశం ఓటు హక్కు చట్టం చేసింది. ఆడవాళ్ళకి ఓటు ఇచ్చినందుకు ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే చట్టం. అందులోనే ఓటు ఎవరికి లేదో కూడా రాశారు: ఆస్ట్రేలియా, ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల మూలవాసులకి. న్యూజిలాండ్ వాళ్ళకి మినహాయింపు. అంటే వాళ్ళనీ మనల్నీ ఒకే వాక్యంలో బయటికి నెట్టారు. అప్పటికే విక్టోరియాలో, న్యూ సౌత్ వేల్స్‌లో పంజాబీ, సింధీ చిల్లర వర్తకులు ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునేవారు.

1925లో చట్టం సవరించి, ఇక్కడ ఉంటున్న బ్రిటిష్ ఇండియా వాళ్ళకి ఓటు ఇచ్చారు. అబొరిజినల్ ప్రజలందరికీ ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు వచ్చింది 1962లో. మధ్యలో 37 ఏళ్ళు. మన కోసం గొంతెత్తడానికి లండన్‌లో, ఢిల్లీలో మనుషులున్నారు. వాళ్ళకి అలాంటివాళ్ళు లేరు. ఈ నేల మీద పుట్టినవాళ్ళకంటే ముందు, బయటినుంచి వచ్చిన మనకి తలుపు తీశారు. ప్రివిలేజ్ అంటే నాకు అర్థమైంది ఇదే. దెబ్బ తిన్నవాళ్ళలో కూడా ముందు లోపలికి పిలుపు అందుకున్నవాళ్ళు ఉంటారు.

అలాగని 1925 తర్వాత మనకి పూలబాట వేశారని కాదు. తెల్లవాళ్ళనే రానిచ్చే వైట్ ఆస్ట్రేలియా పాలసీ పూర్తిగా పోయింది 1973లోనే. నేనూ మీరూ వీసా తీసుకున్నది ఆ తర్వాతి దేశంలో.

కొత్త పీఆర్ (అడిలైడ్)

చిన్న డౌట్ అండీ, తిట్టకండి. వచ్చిన మొదటి వారంలోనే మా రూమ్మేట్ అన్న చెప్పాడు, "వాళ్ళకి గవర్నమెంట్ ఊరికే డబ్బులిస్తుంది, ఇళ్ళిస్తుంది, అయినా పని చెయ్యరు" అని. నిజమేనా?

గోదారి గట్టు

బాబూ, ఇదే వాక్యం నేను కూకట్‌పల్లిలో విన్నాను, రిజర్వేషన్ల గురించి. ఒక్క అక్షరం మారలేదు. మనవాళ్ళు లగేజీలో ఆవకాయతో పాటు దీన్నీ సీల్ చేసి తెచ్చుకుంటారు.

అసలు సంగతి: సెంటర్‌లింక్ డబ్బులు, అంటే ప్రభుత్వ భత్యాలు, వాళ్ళకైనా మీ పక్కింటాయనకైనా ఆదాయం, ఆస్తి చూసే ఇస్తారు. అబొరిజినల్ అయినంత మాత్రాన ఇల్లు ఊరికే రాదు. పని చెయ్యలేదన్న మాటకొస్తే, క్వీన్స్‌లాండ్‌లో దశాబ్దాల పాటు వాళ్ళు పశువుల స్టేషన్లలో (పెద్ద పశువుల ఫారాల్లో), ఇళ్ళల్లో చేసిన పనికి జీతం ప్రభుత్వమే పట్టుకుని, చాలామందికి తిరిగి ఇవ్వనే లేదు. దాని మీద కోర్టుకెళ్తే 2019లో 19 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. నార్తర్న్ టెరిటరీలో 1966లో గురిండ్జి అనే అబొరిజినల్ ప్రజలు వేవ్ హిల్ స్టేషన్ నుంచి పని మానేసి బయటికి నడిచారు. జీతం కోసం అని మొదట అందరూ అనుకున్నారు. వాళ్ళు అడిగింది భూమి. ఆ పట్టు తొమ్మిదేళ్ళు వదల్లేదు. 1975లో ప్రధాని విట్లమ్ వచ్చి, భూమి తిరిగి ఇస్తున్నట్టుగా వాళ్ళ నాయకుడు విన్సెంట్ లింగియారి చేతిలో మట్టి పోశాడు.

నైట్‌షిఫ్ట్ (మెల్‌బోర్న్)

పెద్దన్న 2009 సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఆ రోజుల్లో నేను స్టూడెంట్‌ని, రాత్రిళ్ళు టాక్సీ నడిపేవాణ్ణి. మనవాళ్ళు రాత్రి ట్రైన్ ఎక్కాలంటే వణికేవాళ్ళు, అది వాస్తవం. అదే టైంలో టాక్సీ ర్యాంక్ దగ్గర టీ తాగుతూ సీనియర్లు కొత్తవాళ్ళకి ఇచ్చే మొదటి సలహా ఏమిటో తెలుసా? "అబొరిజినల్ వాళ్ళు చెయ్యెత్తితే ఆపకు. ఆపినా డబ్బులు ముందే అడుగు." చెప్పేవాళ్ళు మన దేశం వాళ్ళే, మన భాష వాళ్ళు కూడా.

ఒక రాత్రి ఆసుపత్రి బయట ఒకాయన ఎక్కారు, చేతిలో నిద్రపోతున్న పాప. ఎక్కగానే ఇరవై డాలర్ల నోటు తీసి డాష్‌బోర్డ్ మీద పెట్టారు, నేను అడక్కముందే. "ఇదెందుకు?" అంటే, "అడుగుతారుగా" అన్నారు. కోపం లేదు, వెటకారం లేదు. మనం రైల్వే స్టేషన్‌లో కౌంటర్ దగ్గర చిల్లర రెడీగా పట్టుకున్నట్టు, అలవాటుగా. టోపీ కింద ముఖం చూస్తే చాలు, ఆగకుండా వెళ్ళిపోయిన డ్రైవర్లలో సగం మంది నా రంగువాళ్ళేనని ఆయనకి తెలుసని అర్థమైంది.

మనల్ని కొట్టినవాడు రేసిస్ట్. సరే. టాక్సీ ఆపనివాణ్ణి ఏమనాలి?

పర్త్ పెద్దన్న

నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, ఆ మాట ఒప్పుకుంటాను. అది తప్పే. కానీ ఎవడో టాక్సీ ఆపకపోతే సిటిజన్‌షిప్ వేడుక మానుకోవడం ఎందుకో నాకింకా అర్థం కాలేదు.

ఆలిస్ డాక్టర్ (ఆలిస్ స్ప్రింగ్స్)

ఆలస్యంగా చూశాను, డ్యూటీలో ఉన్నాను. ఈ థ్రెడ్‌లో వాళ్ళ మధ్య బతికేది బహుశా నేనే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

బయటి దేశాల్లో చదివిన డాక్టర్లు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ప్రాక్టీస్ చెయ్యాలంటే పదేళ్ళ దాకా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లోనే పని చెయ్యాలి. రిమోట్ క్లినిక్కుల్లో ఇంతమంది ఇండియన్ పేర్లు కనిపించడానికి అది ఒక కారణం. మేం త్యాగం చేసి రాలేదు, రూల్ తీసుకొచ్చింది. రూల్ అయిపోగానే చాలామంది సిడ్నీకో మెల్‌బోర్న్‌కో వెళ్ళిపోతారు. ఇక్కడి పేషెంట్లకి అది తెలుసు. అందుకే కొత్త డాక్టర్‌తో మొదటి రోజే మనసు విప్పరు. "నువ్వెన్నాళ్ళుంటావ్?" అని నోటితో అడగరు, చూపులో ఉంటుంది.

రుమాటిక్ గుండె జబ్బు మీరు మన దగ్గర పాత రోజుల్లో విని ఉంటారు. గొంతు ఇన్ఫెక్షన్‌తో, చర్మపు పుండ్లతో మొదలై గుండె కవాటాలు పాడుచేస్తుంది. ఇళ్ళల్లో జనం కిక్కిరిసి, స్నానానికి వేడినీళ్ళు, బట్టలు ఉతకడానికి మెషిన్ సరిగా లేని చోట పెరుగుతుంది. మిగతా ఆస్ట్రేలియాలో దాదాపు కనుమరుగైంది. ఇక్కడ స్కూలు పిల్లలకి నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, ఏళ్ళ తరబడి. ఆ సూది ఎంత నొప్పో వేసుకున్నవాళ్ళకే తెలుసు. ఒక నెల పిల్ల రాకపోతే "నాన్ కంప్లయంట్", చెప్పినట్టు వైద్యం చేయించుకోరు అని ఫైల్లో రాసేస్తారు. వాళ్ళమ్మ ఆ వారం చావు కార్యక్రమాలకి 300 కిలోమీటర్ల అవతలికి వెళ్ళిందని ఎవరూ రాయరు.

చేరిన కొత్తలో ఒక పెద్దావిడ మంచం దగ్గర నిలబడి గబగబా ప్రశ్నలు వేస్తున్నాను. మా అబొరిజినల్ లియేజన్ ఆఫీసర్ నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు నువ్వెక్కడివాడివో చెప్పు అన్నారు. రాజమండ్రి పక్కన, పెద్ద నది ఒడ్డున అన్నాను. ఆ పెద్దావిడ తన భాష అరెర్న్‌టెలో ఏదో అడిగారు. ఆ నదిలో నీళ్ళుంటాయా అని. ఇక్కడి టాడ్ నది ఏడాదిలో ఎక్కువ భాగం ఇసకే మరి. ఉంటాయి, వరదొస్తే ఊళ్ళు మునుగుతాయి అంటే నమ్మనే లేదు, పక్క మంచం ఆవిణ్ణి పిలిచి మరీ చెప్పి నవ్వారు. తర్వాత తన ఛాతీ నొప్పి సంగతి మొదలుపెట్టారు. అరెర్న్‌టె, వార్ల్‌పిరి, పిట్‌జన్‌జజారా మాట్లాడతారు ఆవిడ. ఇంగ్లీష్ ఆ తర్వాత. "ఇంగ్లీష్ సరిగా రాదు" అని నోట్స్‌లో రాసేది మాత్రం ఒక భాషా ఒకటిన్నరా వచ్చిన మనం.

సాయం చెయ్యాలని ఉబలాటపడే జూనియర్లకి నేను చెప్పేది ఒకటే. ఇక్కడ పని చేసి నిరూపించిన పద్ధతి ఉంది: వాళ్ళ క్లినిక్ వాళ్ళ బోర్డు కింద. 1971లో రెడ్‌ఫర్న్‌లో మొదటి అబొరిజినల్ మెడికల్ సర్వీస్ పెట్టుకున్నారు. ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. డాక్టర్ అక్కడ ఉద్యోగి, అంతే. మన దగ్గర డాక్టరంటే దేవుడు కదా, ఆ కుర్చీ దిగడం కొంచెం కష్టంగానే ఉంటుంది. అల్లీ (తోడు నిలబడేవాడు) అనే బిరుదు కంటే ఆరేళ్ళు అదే క్లినిక్‌లో ఉండటం వాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది.

అబొరిజినల్ మగవాళ్ళలోనూ ఆడవాళ్ళలోనూ ఆయుష్షు మిగతావాళ్ళకంటే ఎనిమిదేళ్ళకి పైగా తక్కువ. ఈ సంఖ్య నాకు స్లైడ్‌లో కనపడదు. మా వార్డులో డయాలసిస్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ వయసులో కనపడుతుంది.

కొత్త పీఆర్

డాక్టర్ గారూ 🙏 మా రూమ్మేట్ అన్నకి ఇది పంపిస్తున్నా.

ఉట్నూరు ఆడపడుచు (సిడ్నీ)

ఈ చర్చ చదువుతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది. మా తాతగారు కోస్తా నుంచి ఆదిలాబాద్ ఏజెన్సీకి వెళ్ళి స్థిరపడ్డారు. మేం గిరిజనేతరులం. చుట్టూ గోండు గూడేలు. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఆ చట్టాన్ని తిట్టని భోజనం మా ఇంట్లో లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అది మా ఇంటికి ఎంతో దూరం కాదు. మా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్ళే కాదు.

పారమట్టాలో పిల్లల స్కూల్ అసెంబ్లీలో "ఈ నేల ధారుగ్ ప్రజలది" అని మా అబ్బాయి మైకులో చదివితే నేను వీడియో తీశాను. ఆ వీడియో ఊళ్ళో మా నాన్నకి పంపితే "బాగా చదివాడు" అన్నారు. గోండుల నేల అని మా ఊరి స్కూల్లో ఎవడైనా చదివితే ఆయన హెడ్‌మాస్టర్ మీద ఫిర్యాదు చేసేవారు. ప్రివిలేజ్ తెల్లవాళ్ళ సబ్జెక్టు అంటే నేనెలా ఒప్పుకునేది?

సంఘం సెక్రటరీ (బ్రిస్బేన్)

అమ్మా, బాగా చెప్పారు. మన కొమురం భీం పోరాటం, సమత తీర్పు, పోలవరం నిర్వాసితులు, వీటన్నిటి మీదా ఒక సెమినార్ పెడితే బావుంటుంది.

గోదారి గట్టు

సెక్రటరీ గారూ, పెట్టండి, తప్పకుండా వస్తాను. కానీ విడిగా పెట్టండి. అబొరిజినల్ వాళ్ళ మాట మొదలెట్టి పది పోస్టులు దాటకముందే జోడేఘాట్ చేరుకున్నాం. ఉట్నూరు గారు చెప్పింది నిజం, చెప్పాల్సిందే. మనం మాత్రం ఎక్కడికెళ్ళినా మన కథే చెప్పుకునే జాతి.

మన సంఘాల్లో ఉగాది రోజు అక్నాలెడ్జ్‌మెంట్, అదే ఈ నేల ఫలానా ప్రజలది అనే మాట, ఎలా చదువుతారో అందరం చూశాం. జ్యోతి ప్రజ్వలన, గణపతి ప్రార్థన, స్పాన్సర్ల పేర్లు అయ్యాక, సౌండ్ చెక్ జరుగుతుండగా యాంకర్ ఫోన్‌లో చూసి చదివేస్తుంది. ఆ జనం పేరు పలకలేక నవ్వుతుంది. ముందు రోజు ఒకసారి పలికి చూసుకుంటే పోదా? స్పాన్సర్ ఇంటిపేరు తప్పు పలికితే ఊరుకుంటామా?

సంఘం సెక్రటరీ

మేం ఈసారి ఒక ఎల్డర్‌నే (అబొరిజినల్ పెద్దనే) పిలిచి వెల్కమ్ టు కంట్రీ (తమ నేలకి స్వాగతం) చేయిద్దామనుకున్నాం. ఫీజు ఉంటుందన్నారు. కమిటీలో ఇద్దరు "నాలుగు మాటలకి డబ్బులేంటి" అన్నారు. ఆగిపోయింది.

నైట్‌షిఫ్ట్

హైదరాబాద్ నుంచి వచ్చే సింగర్‌కి బిజినెస్ క్లాస్ టికెట్ ఇచ్చిన కమిటీయేనా? 😀

మోడరేటర్

ఒక పోస్టు తీసేశాను, ఎందుకో రాసినవారికి తెలుసు. చర్చ బాగుంది, కొనసాగించండి. సెక్రటరీ గారి కోసం ఒక్క వివరం: వెల్కమ్ చెప్పే అధికారం ఆ నేల సంప్రదాయ యజమానులకే ఉంటుంది. అక్నాలెడ్జ్‌మెంట్ ఎవరైనా చెప్పొచ్చు.

పర్త్ పెద్దన్న

నేను పిల్బరాలో గనుల్లో ఫ్లై-ఇన్ ఫ్లై-అవుట్ చేస్తాను, అంటే విమానంలో వెళ్ళి కొన్నాళ్ళు పనిచేసి తిరిగొస్తాను. కాబట్టి ఈ అక్నాలెడ్జ్‌మెంట్ గోల గురించి నాకో అభిప్రాయం ఉంది. ఇక్కడ ప్రతి మీటింగ్ దానితోనే మొదలవుతుంది. 2020 మేలో గనుల కంపెనీ రియో టింటో జూకన్ గార్జ్‌లో 46,000 ఏళ్ళ నాటి మానవ నివాసపు ఆనవాళ్ళున్న రాతి గుహల్ని పేల్చేసింది. పూటు కుంటి కురామ, పినికూర ప్రజల పవిత్ర స్థలం అది. దొంగతనంగా పేల్చారా? లేదు. 2013లోనే రాష్ట్ర ప్రభుత్వం నుంచి సంతకం ఉంది. అంతా చట్టప్రకారం. తర్వాత గొడవై సీఈఓ దిగిపోయాడు. గుహలు తిరిగి రాలేదు.

అందుకే నాకు ఈ మాటల మీద నమ్మకం లేదు. తేదీ మార్చినా, మైకులో చదివినా, ఎవరి పొట్టకీ ఎవరి నేలకీ ఏం జరుగుతుంది? 2023 అక్టోబర్ 14న వాయిస్ రెఫరెండం పెట్టారు, పార్లమెంటుకి సలహా చెప్పే ఒక సంఘం అడిగారు, అంతే. అరవై శాతం మంది నో అన్నారు. ఒక్క రాష్ట్రంలో కూడా గెలవలేదు, కాన్‌బెర్రాలో తప్ప. ఆ అరవై శాతంలో అంతకుముందు అక్నాలెడ్జ్‌మెంట్‌కి తలొంచినవాళ్ళు ఎంతమందో.

గోదారి గట్టు

పెద్దన్న గారూ, మొదటి పోస్టులో మనకెందుకు అన్నారు, ఇప్పుడు ఇది చాలదు అంటున్నారు. రెండోది నాకు నచ్చింది.

మాటలు చాలవు, నిజం. తమాషా ఏమిటంటే అల్లీలు ఎలా ఉండాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మెల్‌బోర్న్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే మనం తీసుకెళ్ళే మొదటి చోటు హీల్స్‌విల్ శాంక్చువరీ. కంగారూ ఫొటో, కోలా ఫొటో. ఆ స్థలం ఒకప్పటి కొరాండర్క్ అనే అబొరిజినల్ స్థావరం. 1863లో కూలిన్ ప్రజలు అక్కడ స్థిరపడ్డారు. హాప్స్ (బీరు తయారీలో వాడే పంట) పండించి ప్రదర్శనలో బహుమతి తెచ్చుకున్నారు. పంట బాగా పండేసరికి చుట్టుపక్కల వాళ్ళ కన్ను భూమి మీద పడింది. వాళ్ళ నాయకుడు విలియం బరాక్, ఆయన మనుషులు అక్కడినుంచి మెల్‌బోర్న్ దాకా నడిచి వెళ్ళి మంత్రులకి అర్జీలు ఇచ్చారు. 1881లో ప్రభుత్వం విచారణ జరిపింది. వాళ్ళ వైపు నిలబడ్డవాళ్ళలో యాన్ బాన్ అనే స్కాట్లాండ్ మహిళ ఉంది. పెద్ద స్టేషన్ యజమానురాలు, అంటే ఆవిడ ఆస్తి కూడా అలాంటి నేల మీదే. ఆవిడ చేసిందేమిటి? పత్రికలకి ఉత్తరాలు రాసింది, తనకి తెలిసిన పెద్దమనుషుల్ని విసిగించింది, బరాక్ ఊరొస్తే తన ఇంట్లో చోటిచ్చింది. అర్జీ రాసింది మాత్రం కొరాండర్క్ వాళ్ళే. అయినా 1886 చట్టం మిశ్రమ సంతతి పేరుతో పనిచేసే వయసువాళ్ళని బయటికి పంపేసింది, 1924లో స్థలం మూసేశారు. గెలవలేదు. ఆవిడ మాత్రం ముసలితనం దాకా వదల్లేదు.

టార్నీట్ గారూ, మీ ఇంటి సంగతి కూడా. వెర్రిబీ మైదానమంతా ఒకప్పుడు మర్నాంగ్ దుంపలు. పసుపుపచ్చ పువ్వు, ముల్లంగి పిల్లంత దుంప. ఆడవాళ్ళు కర్రతో తవ్వి, కాల్చి, పిల్లలకి పెట్టేవారు. 1835లో బ్యాట్‌మన్ అనే వలసదారు దుప్పట్లు, కత్తులు, అద్దాలు, పిండి ఇచ్చి దాదాపు ఆరు లక్షల ఎకరాలు కొన్నానన్నాడు. గవర్నర్ బర్క్ ఆ కాగితం చెల్లదన్నాడు. మోసం జరిగిందని కాదు, నేల రాజుగారిది, అమ్మడానికి వాళ్ళెవరని! గొర్రెలు దిగాయి, కొన్నేళ్ళలో దుంపల్ని వేళ్ళతో సహా తినేశాయి. జనం ఆకలికి మాడారు. మీ హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీ టైటిల్ వెనక్కి తిప్పుకుంటూ పోతే చివరికి తగిలేది బర్క్ అన్న ఆ మాటే. ఆ నేల ఎవరిదీ కాదన్న అబద్ధాన్ని హైకోర్టు కొట్టేసింది 1992లో, మాబో కేసులో.

టార్నీట్ తెలుగోడు

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. మా ఆవిడ నాకంటే తొందరగా తేల్చింది. తేదీ మార్చమని మెయిల్ పెట్టేశాం. అప్రూవల్ వచ్చిన 12 నెలల్లోపు ప్రమాణం చేస్తే చాలు, మాకు టైముంది. అత్తయ్య వాళ్ళు మిస్ అవుతారు, మామయ్య కొంచెం ముఖం ముడుచుకున్నారు. ఇంకో సంగతి, ఫిబ్రవరిలో మా మరదలి పెళ్ళి. జనవరిలో సిటిజన్ అయిపోతే ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్, ఇండియా వెళ్ళడానికి ఓసీఐ కార్డు, ఆ పరుగులన్నీ పెళ్ళిలోపు అయ్యేవి కావు. అదీ కలిసొచ్చింది.

పర్త్ పెద్దన్న

హహ. ఓసీఐ కోసం మార్చుకున్నదాన్ని మాత్రం ఆ విరాడ్జురి ఆవిడ దగ్గర త్యాగంలా చెప్పకు తమ్ముడూ.

టార్నీట్ తెలుగోడు

చెప్పను అన్నా 😀 అసలు ఆవిడకి చెప్పే ఉద్దేశమే లేదు. ఆవిడ వచ్చి నాకు మార్కులు వెయ్యాలా ఏంటి.

26న మరి సిటీలో అబొరిజినల్ వాళ్ళ ర్యాలీకి వెళ్దామనుకుంటున్నాం. స్ప్రింగ్ స్ట్రీట్‌లో పార్లమెంట్ మెట్ల దగ్గర కదా? పాపకి రెండేళ్ళు, స్ట్రోలర్‌తో రావచ్చా?

గోదారి గట్టు

రావచ్చు, పిల్లలు చాలామంది వస్తారు. నీళ్ళు, టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, జనవరి ఎండ. మెట్ల దగ్గర ముందు వరసలోకి పోకండి, అక్కడ ఎల్డర్స్, వాళ్ళ కుటుంబాలు ఉంటాయి. మాట్లాడేవాళ్ళని వీడియో తీసే ముందు అడగండి. కస్టడీలో చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు మాట్లాడతారు, అది రీల్ కాదు. డబ్బా తిప్పితే ఏదన్నా వేయండి. సంఘం బ్యానర్ మాత్రం తేవద్దు.

సంఘం సెక్రటరీ

బ్యానర్ లేకపోతే మనవాళ్ళు వస్తారా అండీ?

నైట్‌షిఫ్ట్

నేనొస్తున్నా. కారులో ముగ్గురికి చోటుంది, హాపర్స్ క్రాసింగ్ నుంచి ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.